పెన్‌డ్రైవా, వర్చువల్‌బాక్సా: లినక్స్ తొలి క్లాసుకి ఏది?
తిరుపతిలో ఒక ఆదివారం పూట, ఇరవై మంది డిగ్రీ పిల్లలు, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లదే. విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ని పరిచయం చేయాలి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయించాలా (అంటే విండోస్ బదులు దాన్నుంచే ల్యాప్‌టాప్ మొదలయ్యేలా), విండోస్‌లోనే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేయించాలా?

వర్చువల్‌బాక్స్‌తో భయం లేదు. లోపల ఏం చెడగొట్టినా మూసేస్తే సరి. కానీ మింట్‌కి కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 ఉంటే హాయి. మొత్తమే 4 జీబీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తినగా మిగిలేదెంత? మౌస్ బాణం సర్వదర్శనం క్యూలా కదులుతుంది. పైగా కొన్నిట్లో బయాస్‌లోకెళ్లి (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెర) వర్చువల్‌బాక్స్‌కి కావాల్సిన వర్చువలైజేషన్ ఆన్ చేయాలి.

పెన్‌డ్రైవ్ అయితే ర్యామంతా లినక్స్‌దే. వైఫై పట్టిందా, స్పీకర్ పలికిందా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. వర్చువల్‌బాక్స్‌లో ఆ సంగతే తెలీదు, అది చూపించేది ఉత్తుత్తి హార్డ్‌వేర్ కదా! తంటా అంతా మొదటి పావుగంటే, పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోడానికి ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే నొక్కే కీలతో: డెల్‌కి ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ నొక్కి ఎఫ్9. ఈ కీలు చీటీ మీద రాసి బల్లబల్లకీ అంటిస్తే సగం అరుపులు తగ్గుతాయి. డెస్క్‌టాప్ మీదున్న 'ఇన్‌స్టాల్' బొమ్మ జోలికి పోవద్దని మాత్రం రెండుసార్లు చెప్పాలి. నొక్కుకుంటూ పోయేవాడు ఒకడు ఉంటాడు, తప్పదు. పెన్‌డ్రైవ్ లినక్స్‌లో దాచుకున్న ఫైళ్లు ల్యాప్‌టాప్ ఆపేయగానే పోతాయి, అదొక లోటు.

నా ఓటు పెన్‌డ్రైవ్‌కే. 8 జీబీది చాలు. ఐఎస్‌ఓ (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే మింట్ ఫైలు) మాత్రం ముందురోజే ఇంట్లో దింపుకోండి, హాల్ వైఫైని నమ్ముకోవద్దు. 8 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు ఇంటికెళ్లాక వర్చువల్‌బాక్స్‌లో ఆడుకోవచ్చు.