శాంపిల్ తీసుకోకుండా వెనక్కి పంపిన ల్యాబ్‌కి నాలుగున్నర స్టార్లు

నర్సీపట్నంలో మేం వెళ్లిన ఒక చిన్న ల్యాబ్ గురించి ఇది. పేరు రాయట్లేదు, ఉన్న జనంతోనే సరిపోతోంది బాబూ ఇంకా పంపకండి అని ల్యాబ్ ఆయనే అన్నాడు. పేరు లేకపోయినా పర్లేదు, అక్కడ టెస్ట్ ఎలా చేస్తారో తెలిస్తే మీ ఊళ్లో ల్యాబ్‌కి వెళ్లినప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

టెస్ట్ ఏంటంటే కడుపులో ఉండి అల్సర్లు తెచ్చే హెచ్ పైలోరి బ్యాక్టీరియాకి. మా మావయ్యకి ఏళ్ల తరబడి పొట్ట పైన మంట, తేన్పులు, పరగడుపున నొప్పి, టీ కన్నా ముందు పాంటాప్ వేసుకునే రకం. డాక్టర్ గారు మోషన్‌లో హెచ్ పైలోరి యాంటిజెన్ టెస్ట్ రాశారు, అంటే ఆ బ్యాక్టీరియా తాలూకు పదార్థమే మోషన్‌లో ఉందేమో చూసేది. డబ్బా పట్టుకుని వెళ్తే ల్యాబ్ ఆయన డబ్బుల సంగతి ఎత్తకుండా "గ్యాస్ టాబ్లెట్ ఏమైనా వాడతన్నారా బాబాయ్" అని అడిగాడు. రోజూ వేసుకుంటా అనగానే అయితే ఈరోజు తీసుకోను, మీ డాక్టర్ గారిని ఒకసారి అడిగి రెండు వారాలు ఆపి రండి అన్నాడు. మావయ్యకి కోపం వచ్చింది, వచ్చిన డబ్బుల్ని కాదనే ల్యాబ్ ఎక్కడైనా ఉంటదా అని బయటికొచ్చి గొణిగాడు కూడా.

కానీ ఆయన చెప్పింది కరెక్ట్. పాంటాప్, ఓమెజ్ లాంటివి వాడుతుంటే కడుపులో యాసిడ్ తగ్గి బ్యాక్టీరియా కూడా తగ్గిపోతుంది, చావదు, టెస్ట్‌కి దొరకనంత తగ్గుతుంది అంతే. రిపోర్ట్ నెగెటివ్ వస్తుంది, హమ్మయ్య ఏమీ లేదనుకుని ఇంటికెళ్తాం, అది లోపలే ఉంటుంది. యాంటీబయోటిక్స్ గానీ బిస్మత్ ఉన్న మందులు గానీ వాడుంటే 4 వారాలు ఆగాలి. మధ్యలో మంట తట్టుకోలేకపోతే జెలుసిల్ లాంటిది తాగొచ్చు, దానివల్ల టెస్ట్‌కి పెద్దగా ఇబ్బంది లేదన్నాడు. ఒక్కటి మాత్రం, గుండెకి స్టెంట్ పడి ఆస్పిరిన్ వాడేవాళ్లు, ఇదివరకు అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్లు గ్యాస్ టాబ్లెట్ సొంతంగా ఆపకండి, డాక్టర్ చెప్తేనే.

ఇప్పుడు నా అసలు బాధ చెప్తా. అంతకుముందు వేరే ఊళ్లో ఇంకో ల్యాబ్‌లో ఇదే మావయ్యకి ఇదే బ్యాక్టీరియాకి బ్లడ్ టెస్ట్ చేశారు. పాంటాప్ సంగతి ఎవరూ అడగలేదు, పాజిటివ్ అని రాసిచ్చారు, దాని మీద ఊళ్లో ఆర్ఎంపీ గారు ఏవో యాంటీబయోటిక్స్ కొన్నాళ్లు ఇచ్చారు, తగ్గలేదు. ఈ బ్లడ్ టెస్ట్ చూసేది బ్యాక్టీరియాని కాదు, దాని మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలని. బ్యాక్టీరియా పోయినా అవి నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటాయి. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి ఇది చిన్నప్పుడే అంటుకుంటుంది కాబట్టి ఒట్టి యాంటీబాడీ పాజిటివ్‌తో ఇప్పుడు లోపల ఉందో లేదో తేలదు, మందులు పనిచేశాయో లేదో అయితే అస్సలు తేలదు. అది చూసి ఇంకా పాజిటివే అని రెండో కోర్సు, మూడో కోర్సు మింగేవాళ్లు ఉన్నారు. విరేచనాలు పట్టుకుంటే చాలు మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ వేసేసుకునే అలవాటు మనది, ఇప్పటికే ఈ బ్యాక్టీరియా దానికి చాలావరకు లొంగట్లేదు, పైన ఇదొకటి.

సరే ల్యాబ్ దగ్గరికొద్దాం. ఈసారి పాంటాప్ ఆపి వెళ్లాం. కార్డ్ టెస్ట్, ప్రెగ్నెన్సీ కిట్ లాగే ఉంటుంది. కొంచెం మోషన్ తీసి చిన్న సీసాలోని ద్రవంలో కలిపి కార్డ్ మీద చుక్కలు వేస్తారు, ఒక గీత వస్తే నెగెటివ్, రెండొస్తే పాజిటివ్, పైన కంట్రోల్ గీత అసలు రాకపోతే ఆ కార్డ్ పనికిరాదు. ఫోన్‌లో టైమర్ పెట్టి కిట్ మీద రాసిన టైముకే చూశాడు, ఆలస్యంగా చూస్తే లేని గీత కూడా కనిపిస్తుందట. ఆయన వాడే కిట్లు 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని ప్యాకెట్ మీద ఉంది, మా దగ్గర మే నెల ఎండలకి షాపులో అల్మారాలో పెడితే ఇంకేమన్నా ఉందా, అందుకని ఫ్రిజ్‌లో పెట్టి వాడే ముందు కాసేపు బయట ఉంచుతున్నాడు. కరెంట్ పోతే ఇన్వర్టర్ ఉంది, అడిగి మరీ చూశాను. మోషన్ నీళ్లలా ఉంటే రిజల్ట్ సరిగ్గా రాదు, ఇంకో రోజు రమ్మంటాడు. గీత బాగా పల్చగా వచ్చి డౌట్ ఉంటే వైజాగ్ పంపి ఎలైసా చేయిస్తాడు, అంటే అదే యాంటిజెన్‌ని ల్యాబ్‌లో మెషిన్ మీద చూసే టెస్ట్, అది కార్డ్ కన్నా నమ్మకమని దాచకుండా చెప్పాడు, తన దగ్గర ఉన్నదాని గురించి అలా చెప్పేవాళ్లు తక్కువ.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి, కానీ ఇక్కడ కాదు. గాలి ఊదే టెస్ట్‌కి వైజాగ్ పోవాలి. అందులో ముందుగా ఇచ్చే మందులో కార్బన్-13 ఉండే రకానికి ఖరీదైన మెషిన్ కావాలి, కార్బన్-14 రకంలో రేడియేషన్ చాలా తక్కువే అయినా గర్భిణులకి, పిల్లలకి చేయరు. ఎండోస్కోపీలో అయితే కడుపు లోపల్నుంచి చిన్న ముక్క తీసి యూరియా ఉన్న జెల్‌లో వేస్తారు, ఈ బ్యాక్టీరియా యూరియాని అమోనియాగా మారుస్తుంది కాబట్టి పసుపు కాస్తా గులాబీ రంగులోకి తిరుగుతుంది. కొన్ని హాస్పిటళ్లలో ఈ జెల్ కొనకుండా యూరియా, రంగు మారే ఫినాల్ రెడ్ కలిపి ద్రావణం వాళ్లే చేసుకుంటారు, చవకలో పనైపోతుంది. బరువు తగ్గిపోతున్నా, మోషన్ నల్లగా వస్తున్నా, రక్తం తక్కువున్నా, మింగడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా మాత్రం ఈ కార్డులతో టైం వేస్ట్ చేయకండి, బస్సెక్కి ఎండోస్కోపీకి పోండి.

మావయ్యకి పాజిటివ్ వచ్చింది. అంతవరకు మా అత్తయ్య అంతా ఆ పచ్చిమిరపకాయల వల్లే అని గట్టిగా నమ్మేది. తప్పు ఆమెది కాదులెండి, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్షల్, వారెన్ ఈ బ్యాక్టీరియాని పెంచి చూపించేదాకా డాక్టర్లూ అల్సర్ అంటే టెన్షన్, యాసిడ్ అనే అనేవాళ్లు. ఎవరూ నమ్మట్లేదని 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగేసి కడుపులో వాపు తెచ్చుకున్నాడు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

డాక్టర్ గారు 14 రోజుల కోర్సు రాశారు. నోరంతా చేదు, బిస్మత్ వల్ల మోషన్ నల్లగా వచ్చి ఇంట్లో ఒకటే కంగారు, అది మందుదేనని ముందే చెప్పుంటే బాగుండేది. కోర్సు అయ్యాక కనీసం 4 వారాలు ఆగి, చివర్లో మళ్లీ రెండు వారాలు పాంటాప్ లేకుండా ఇంకోసారి టెస్ట్ చేయించాలి, ఎక్కువమంది మంట తగ్గింది కదా అని ఇక్కడే ఎగ్గొడతారు. ల్యాబ్ నుంచే ఫోన్ చేసి గుర్తు చేశారు. వెళ్లాం, నెగెటివ్.

అర స్టార్ ఎందుకు కోశానంటే రిపోర్ట్‌లో ఏ కిట్‌తో చేశారో, ఏ పద్ధతో రాయరు, ఒట్టి పాజిటివ్, నెగెటివ్ అంతే, రేపు వైజాగ్‌లో డాక్టర్ చూస్తే ఏ టెస్టో మనమే నోటితో చెప్పుకోవాలి. ఇంకోటి బాత్రూం, మోషన్ శాంపిల్ తీసుకునే చోట బకెట్ ఉండి మగ్గు లేకపోతే ఎలాగండీ. డబ్బా ముందు రోజే అడిగి ఇంటికి తెచ్చుకోవడం బెటర్. రేటు మాకు వెయ్యికి కాస్త అటూ ఇటూ అయింది, బ్లడ్ టెస్ట్‌కి కూడా దాదాపు అంతే కట్టాం. ఆదివారం తీయరు, మిగతా రోజుల్లో పది లోపు వెళ్తే మధ్యాహ్నానికి రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చేస్తుంది.