కాకినాడ పాటల దారి: కారెక్కితే 4,300, నడిస్తే 1,110

కాకినాడలో పాత పాటల జాడ వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళకు ముందుగా ఒకటే చెప్పాలి. లాడ్జి కౌంటర్ దగ్గర "హెరిటేజ్ ప్యాకేజీ సార్" అంటూ ఎవరైనా రంగుల కాగితం చేతిలో పెడితే, చదవకుండానే తిరిగి బల్ల మీద పెట్టేయండి. మేం ముగ్గురం అలా చెయ్యలేదు. కారుకు 3,800, దారిలో "గైడు గారికి" అని మరో 500, వెరసి 4,300 రూపాయలు పోయాయి. మర్నాడు అదే ఊరు కాలినడకన తిరిగితే తిండితో, కొన్న క్యాసెట్లతో కలిపి ముగ్గురికీ అయింది 1,110.

తొమ్మిదింటికి అన్న కారు పదీ ఇరవైకి వచ్చింది. మొదట సామర్లకోట భీమేశ్వరాలయం, తర్వాత బీచ్, మధ్యలో కాజాలు కొనిపించే ఒక దుకాణం. భీమేశ్వరాలయం తూర్పు చాళుక్యుల కట్టడం. ఒక పూటంతా కూర్చున్నా తనివితీరదు. కానీ మేం డబ్బు కట్టింది పాటల కోసం. నాలుగుసార్లు అడిగాక మెయిన్ రోడ్డు వెనక ఒక సందులో కారు ఆపి, తాళం వేసిన పాత పెంకుటిల్లు చూపించాడు గైడు. "యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ ఇదేనండి, ఎస్వీఆర్ గారు ఇక్కడే రిహార్సల్స్ చేసేవారు" అన్నాడు. మాతో వచ్చిన మావయ్యగారు చెప్పులు విప్పి, ఆ గడపకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నారు. అది మొదటి నుంచీ ధాన్యం వర్తకుల గోదామేనని ఆ సాయంత్రమే ఆ సందులోవాళ్ళు చెప్పారు. ఆ రాత్రి మావయ్యగారు అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు కూడా తినలేదు. 500 పోయినందుకు కాదు, దణ్ణం పెట్టినందుకు.

ఆ క్లబ్బు గురించి తెలిసినవాళ్ళకు కడుపు మండేది ఇందుకే. రేలంగి, ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు సినిమాల్లోకి వెళ్ళకముందు నాటకాలాడిన సంఘం అది. పెద్దాపురం అమ్మాయి అంజలీదేవి 'స్ట్రీట్ సింగర్స్' నాటకంలో ఆడుతుంటే చూసి దర్శకుడు సి. పుల్లయ్య 'గొల్లభామ'లో వేషం ఇచ్చారు. ఆ సినిమా 1947లో వచ్చింది. పుల్లయ్యదీ కాకినాడే. ఇక్కడి రంగస్థలం మీద బాణీలు కట్టిన ఆదినారాయణరావు 1957లో 'సువర్ణసుందరి'కి చేసిన 'హాయి హాయిగా ఆమని సాగె' హిందీలోకి వెళ్ళి, లతా, రఫీల గొంతుల్లో దేశమంతా తిరిగింది. ఇంత చరిత్ర ఉన్న పేరును ఏదో ఒక తాళం కప్పకు తగిలించి చూపించడం పెద్ద తప్పు. కట్టడం దొరక్కపోతే దొరకలేదని చెప్పాలి. దాని బదులు చూపించడానికి ఊళ్ళో నిజమైనవి చాలానే ఉన్నాయి.

నడక ఇలా పెట్టుకోండి. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపాలి, మళ్ళీ సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు. డెల్టాలో ఎండ కన్నా ఉక్క ప్రమాదం. చొక్కా తడిసి ఆరదు, అరగంటకే కాళ్ళు లాగేస్తాయి. మనిషికి లీటరు నీళ్ళు, ఫోన్‌లో ముందే దించుకున్న పాటలు, చెవులు పూర్తిగా మూసెయ్యని ఇయర్‌ఫోన్లు ఉండాలి. మెయిన్ రోడ్డులో వెనక నుంచి వచ్చే ఆటో హారన్ వినబడకపోతే కష్టం.

మొదట పీఆర్ (పిఠాపురం రాజా) కాలేజీ. సంఘసంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోటు. ఆయన ప్రభావంలో పెరిగిన దేవులపల్లి కృష్ణశాస్త్రి తర్వాత 1951లో 'మల్లీశ్వరి' పాటలు రాశారు. లోపలికి వెళ్ళాలంటే గేటు దగ్గర అడగాలి, సెలవు రోజు అయితే తేలిక. పది నిమిషాలు చాలు.

అక్కడి నుంచి సినిమా రోడ్డు. ఆ రోడ్డుకు ఆ పేరే స్థిరపడిందంటే ఈ ఊరికి తెర మీద ఎంత మోజో తెలుస్తుంది. పొద్దున పూట థియేటర్ల ముందు జనం ఉండరు, పాత గోడలూ టికెట్ కిటికీలూ తీరిగ్గా చూడొచ్చు. ఇక్కడ అడగాల్సినవి పాటల పుస్తకాలు. ఒకప్పుడు హాలు గుమ్మంలో అణాలకు అమ్మిన పల్చటి పుస్తకాలు, కథ సగం చెప్పి "మిగతా వెండితెరపై చూడండి" అని ఆపేసేవి. పాత పేపర్ల కొట్లలో ఇప్పటికీ తగులుతుంటాయి. మమ్మల్ని ఒక్కోదానికి 60 అడిగారు. అట్ట ఊడినా పరవాలేదు గానీ పిన్ను తుప్పు పట్టి మధ్య పేజీ చినిగితే తీసుకోకండి. అసలు పాటలుండేది ఆ పేజీల్లోనే.

తర్వాత సూర్యకళామందిరం. వందేళ్ళు దాటిన సరస్వతీ గానసభ కచేరీలు జరిగేది ఇక్కడ. వీణ చిట్టిబాబు పుట్టింది ఈ ఊళ్ళోనే, 1936లో. 'కొమ్మలో కోయిల' అని వీణ మీద కోయిల కూత పలికించిన ఆయన సినిమా స్టూడియోల్లోనూ వాయించారు, కచేరీలూ చేశారు. పాప్ సంగీతం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఇక్కడ ఎందుకు ఆగాలంటే అందుకే. మన దగ్గర శాస్త్రీయానికీ జనం పాటకూ మధ్య గోడ లేదు, అదే వేళ్ళు రెండూ వాయించాయి. ఖాళీ హాలు చూస్తే ఏమీ తెలియదు, కచేరీ ఉన్న సాయంత్రం చూసుకుని రండి. దినపత్రిక జిల్లా పేజీలో 'నగరంలో నేడు' చూస్తే తెలిసిపోతుంది.

పొద్దుటి నడక జగన్నాథపురం వంతెన మీద ముగించండి. కింద ఉప్పుటేరు, పడవలు, చేపల వాసన. ఆగి 'హాయి హాయిగా' పెట్టుకుని వినండి, ఘంటసాల, జిక్కి పాడింది. సోహినిలో మొదలై బహార్, జౌన్‌పురి, యమన్ మీదుగా నడిచే రాగమాలిక. రాగం మారే ప్రతిచోటా ఒక్క క్షణం ఆలాపన కొత్త రాగాన్ని పరిచయం చేస్తుంది, ఆ మలుపు పట్టుకుంటే మిగతా చరణమంతా అర్థమవుతుంది. ఫోన్ స్పీకర్లో కింది స్థాయి తబలా పోతుంది, ఇయర్‌ఫోన్‌లోనే వినాలి. మావయ్యగారు యమన్ దగ్గర కళ్ళు మూసుకున్నారు. నిన్నటి దిగులు అప్పటికి కాస్త దిగింది.

ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైనది ఏ కాగితం మీదా లేదు. మెయిన్ రోడ్డు నుంచి చీలిన ఒక సందులో హార్మోనియంలు బాగుచేసే చిన్న గది. తెలుగు నాటకానికి ఆర్కెస్ట్రా అంటే ఒకప్పుడు కాళ్ళతో తొక్కి వాయించే హార్మోనియమే, సినిమా బాణీలు చాలా వరకు ముందు దాని మెట్ల మీదే పుట్టాయి. పెద్దాయన బల్ల మీద ఒక పెట్టె విప్పి ఉంది. వరసగా ఇత్తడి రీడ్లు, అంటే గాలికి అదిరి స్వరం పలికే రేకులు, సగానికి పైగా ఆకుపచ్చ చిలుము. "ఆయ్, సముద్రం గాలండి. ఏడాది మూసిపెడితే చాలు, ఇలా అయిపోద్ది" అన్నాడాయన. పలకని రీడు కింద సిగరెట్ కాగితమంత పల్చటి ముక్క దూర్చి మెల్లగా లాగాడు. నల్లటి ధూళి గీతలా వచ్చింది, రీడు పలికింది. దుమ్ము అయితే అంతే పని. చిలుము అయితే రీడు ఊడదీసి మెత్తటి బ్రష్‌తో తుడవాలి. తుడిచాక శ్రుతి మారుతుంది కాబట్టి మళ్ళీ గీకి సరిచెయ్యాలి. రీడు కొస దగ్గర గీకితే శ్రుతి పైకి వెళ్తుంది, మేకు వేసిన మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. ఎక్కువ గీకితే తిరిగి అతికించలేం, కొత్త రీడే. తిత్తిలో గాలి నిలవకపోతే చాలామంది తిత్తి మార్పిస్తారు, తొంభై వంతులు తప్పు అక్కడ ఉండదట. లోపలి తోలు కవాటాలు తేమకు ఉబ్బి సరిగ్గా మూసుకోవు, అవి మారిస్తే సరి. ఇంట్లో పెట్టె ఉన్నవాళ్ళు వారానికొకసారి పావుగంట వాయించాలనీ, పెట్టెలో సిలికా జెల్ పొట్లం పెట్టాలనీ చెప్పాడు. ఫోటోకు ఒప్పుకోలేదు, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ గదిలో గంట కూర్చోవచ్చు, పని చెడగొట్టకుండా, చెయ్యి పెట్టకుండా.

మధ్యాహ్నం భోజనం బోర్డు కూడా సరిగ్గా లేని ఒక మెస్సులో, మనిషికి 140. కందా బచ్చలి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, గడ్డపెరుగు. పనసపొట్టు సన్నగా కొట్టారు, ముక్కలుగా తరగలేదు. అందుకే ఆవ ఘాటు ప్రతి పలుకుకూ పట్టింది. ఆవ నూరి చివర్లో, పొయ్యి దించాక కలిపితేనే అలా ఉంటుంది. ముందే వేసి ఉడికిస్తే చేదెక్కి చెడుతుంది. మావయ్యగారు మారు వడ్డించుకున్నారు, రాత్రి బాకీ తీర్చేశారు. ఒంటిగంటన్నర దాటితే కూరలు అయిపోతాయి, పన్నెండున్నరకే వెళ్ళండి. పెద్ద హోటల్ కావాలంటే సుబ్బయ్య హోటల్ ఉంది. కాజా విషయంలో అడిగి కొనండి. కాకినాడది గొట్టం కాజా, కొరికితే పాకం కారాలి. తాపేశ్వరానిది మడత కాజా. రెండూ ఒక డబ్బాలో కలిపి అమ్మేచోట ఏదీ తాజాగా ఉండదు.

సాయంత్రం రోడ్డు పక్క పాత క్యాసెట్లు. ఒక్కోటి 40 పడింది, మూడు కొన్నాం. కొనేముందు టేపును వెలుగుకు పట్టుకోండి. చుట్టు అంచున తెల్లటి పొడిలా కనిపిస్తే బూజు. ప్లేయర్‌లో పెడితే హెడ్డుకు అంటి తర్వాతి క్యాసెట్లనూ పాడుచేస్తుంది. టేపు వెనక చిన్న స్పంజు మెత్త ఉండాలి, అది ఊడిపోతే పాట లోతులోంచి వచ్చినట్టు మూగగా వినిపిస్తుంది. అయిదు స్క్రూలు ఉన్న డొప్పయితే విప్పి టేపును వేరే దాంట్లోకి మార్చొచ్చు. అతికించిన డొప్ప అయితే పగలగొట్టాల్సిందే. ఒక ఈపీ (చిన్న సైజు గ్రామఫోన్) రికార్డు 250కి తీసుకున్నాం. అట్ట ఒక సినిమాది, లోపలి రికార్డు ఇంకో సినిమాది కావడం ఇక్కడ మామూలు, మధ్య లేబుల్ చదివే డబ్బివ్వండి. 78 స్పీడు లక్క రికార్డులు కూడా చూపించారు, అంచు పగుళ్ళున్నాయి. వాటికి సూది వేరు. పెద్ద ప్లాస్టిక్ రికార్డుల (ఎల్పీ) సూదితో వాయిస్తే గాడి అడుగున తిరిగి గరగర తప్ప పాట రాదు.

నడిచిన రోజు లెక్క: టిఫిన్లు 180, భోజనాలు 420, రెండు ఆటోలు 140, క్యాసెట్లు 120, ఈపీ 250.

బస సంగతి. ఏసీ గది 1,400, అదనపు పరుపు 300. కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఫ్యాన్‌కే గానీ ఏసీకి లేదు, కిటికీకి దోమతెర లేదు. అది ఓర్చుకోవచ్చు. రెండోరోజు మధ్యాహ్నం ఖాళీ చేస్తుంటే "చెకౌట్ పన్నెండింటికండి" అని 700 అదనంగా రాశారు. దిగింది సాయంత్రం ఆరింటికి, అప్పుడు చెప్పింది 24 గంటలని. దిగేటప్పుడే రసీదు మీద ఎన్నింటికి ఖాళీ చెయ్యాలో రాయించుకోండి. ప్యాకేజీ గురించి నిలదీస్తే "వాళ్ళకూ మాకూ సంబంధం లేదండి" అన్నారు. అడ్వాన్సు 1,500 తీసుకున్నది ఆ కౌంటర్లోనే, రసీదు ఇవ్వకుండా.

ఇంకో రోజు ఉంటే బస్సులో పిఠాపురం, ఇరవై కిలోమీటర్ల లోపే. 'కులగోత్రాలు'లో 'అయ్యయ్యో చేతిలో డబ్బులు పోయెనే' పాడిన పిఠాపురం నాగేశ్వరరావు ఊరు. మాధవపెద్ది సత్యంతో కలిసి ఆయన పాడిన హాస్యగీతాలు బస్సులో వింటే దారి తెలియదు. రాజమండ్రిలో 1936 నాటి దుర్గా సినీటోన్ స్టూడియో కథా, గోదావరికి అవతల కీరవాణి పుట్టిన కొవ్వూరూ విడిగా రెండు రోజులు తీసుకుంటాయి, వాటిని ఈ ప్రయాణంలో ఇరికించొద్దు.

ద్రాక్షారామం మాత్రం వదలొద్దు. చిట్టిబాబు గురువు ఈమని శంకరశాస్త్రి 1922లో పుట్టింది అక్కడే. పొద్దున గుడి తెరిచే వేళకు చేరుకుని, ప్రాకారం నీడలో కూర్చుని ముందు గురువు వీణ, తర్వాత శిష్యుడి వీణ వినండి. స్వరాన్ని ఊపే గమకం ఎక్కడ గురువుది, ఎక్కడ శిష్యుడు తన దారి పట్టాడో రెండో రికార్డు సగానికి వచ్చేసరికి చెవికి తెలిసిపోతుంది. తిరుగు బస్సుకు గుడి ముందు నిలబడకండి, సెంటర్‌లోకి నడిస్తే రామచంద్రపురం వైపు వచ్చేవీ పోయేవీ దొరుకుతాయి.