బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నారా? అలాయ్ వీల్స్ మెరుస్తుంటే ఒక్క నిమిషం ఆగండి

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు సెకండ్ హ్యాండ్ కారు కోసం తిరుగుతున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు 19,000 రూపాయలు ఉత్తపుణ్యానికి పోయాయి. మీకు పోకూడదు.

సంక్రాంతికి ముందు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక డీలర్ దగ్గర పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. నల్లగా మెరిసే అలాయ్ వీల్స్, పాలిష్ కొట్టిన టైర్లు. శనివారం సాయంత్రం టెస్ట్ డ్రైవ్ ఇచ్చాడు, బెళ్లందూరు దాకా వెళ్లి వచ్చాం. ఆ రోడ్డు మీద ఆ టైములో ఎద్దులబండికైనా, బెంజికైనా ఒకటే స్పీడు. ముల్లు 40 దాటలేదు. బండి వెన్నలా ఉందనుకుని అడ్వాన్స్ ఇచ్చేశాను.

పండక్కి అనంతపురం బయల్దేరాం. దేవనహళ్లి దాటి 80 అందుకోగానే స్టీరింగ్‌లో సన్నగా అదురు. 95కి వచ్చేసరికి చేతులు జిల్లుమంటున్నాయి, డాష్‌బోర్డు మీది వినాయకుడు తల ఊపుతున్నాడు. "కారుకేమైనా చలిజ్వరమా?" అంది మా ఆవిడ. 70కి తగ్గిస్తే ఏమీ లేనట్టే ఉంది.

డీలర్‌కి ఫోన్ చేస్తే "బ్యాలెన్సింగ్ చేయించుకోండి సార్, అంతే" అన్నాడు. చేయించాను, అలైన్‌మెంట్‌తో కలిపి 1,300. అదురు పోలేదు. ఇంకో షాపులో మళ్లీ, తర్వాత మూడోచోట మళ్లీ. ప్రతిసారీ చక్రం బరువులో తేడా లేదని మెషీన్ మీద 0, 0 చూపించి పంపించారు. ఆ తర్వాత ఒక గ్యారేజీవాళ్లు ఇంజిన్ మౌంట్, అంటే ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ పోయిందన్నారు, 5,600. అదీ అయ్యాక చక్రాలను తిప్పే కడ్డీ, డ్రైవ్ షాఫ్ట్ అన్నారు, 9,500. హైవే ఎక్కితే వినాయకుడు మళ్లీ తల ఊపుతున్నాడు.

అసలు సంగతి ఉగాదికి ఊరెళ్తుంటే బయటపడింది, అదీ బాగేపల్లి దగ్గర పంక్చర్ పడబట్టి. రోడ్డు పక్క షాపులో ఒక పెద్దాయన చక్రం విప్పి, పంక్చర్ వేసి, తిరిగి తగిలించబోతూ ఆగాడు. "ఇది నీ బండి రిమ్ము కాదు కదప్పా?" అని అడిగాడు. రిమ్ము మధ్య రంధ్రానికీ, దాని లోపలికి దూరిన హబ్బుకీ (కారులో చక్రం బిగించే భాగం) మధ్య సన్న స్క్రూడ్రైవర్ పెట్టి చుట్టూ తిప్పి చూపించాడు. చుట్టూతా సందే. "యాడ కూర్చుంటాది ఇది? నట్లు ఎట్ల లాగితే అట్ల పోతాది" అన్నాడు.

తర్వాత జేసీ రోడ్డులో వెర్నియర్ పెట్టి కొలిపించాను. నా కారు హబ్ 54.1 మి.మీ., అలాయ్ రంధ్రం 67.1 మి.మీ. బయట అమ్మే అలాయ్స్‌ని రకరకాల కార్లకు పట్టేలా మధ్య రంధ్రం పెద్దగా చేస్తారు. మిగిలే సందులో హబ్ రింగ్ అని ఒకటి వేయాలి. నా కారుకి నాలుగు చక్రాల్లో ఒక్కదానికీ లేదు. రింగ్ లేకపోయినా నట్లు జాగ్రత్తగా బిగిస్తే చక్రం మధ్యకు వచ్చే అవకాశం ఉంది. కానీ కారుని నేల మీద ఉంచే గన్‌తో టకటకా బిగించేస్తే చక్రం కొంచెం పక్కకు కూర్చుంటుంది. మిల్లీమీటరు కూడా అక్కర్లేదు, స్పీడులో అదురు పుట్టడానికి.

మరి మూడుసార్లు బ్యాలెన్సింగ్‌లో ఎందుకు దొరకలేదంటారా? బ్యాలెన్సింగ్ మెషీన్ చక్రాన్ని ఆ మధ్య రంధ్రంలోకి కోన్ దూర్చి పట్టుకుంటుంది. అక్కడ చక్రం సరిగ్గా నడిమధ్యనే తిరుగుతుంది కాబట్టి 0 చూపిస్తుంది. కారు మీద పరిస్థితి వేరు. మెషీన్ అబద్ధం చెప్పలేదు, అది చూసింది వేరే సంగతి.

నాలుగు రింగులూ కలిపి 1,200 అయ్యాయి. జాకీ మీదే నట్లన్నీ ముందు చేత్తో తిప్పి, ఎదురెదురుగా ఉన్నవి వరసగా బిగించారు. మర్నాడు పొద్దున్నే చిక్కబళ్లాపుర దాకా వెళ్లొచ్చాను. 95లో వినాయకుడు బుద్ధిగా కూర్చున్నాడు.

నేను మొదట్లోనే గమనించాల్సింది ఒకటుంది. 95లో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా అదురు అలాగే ఉండేది. డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ పోతే మామూలుగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వణుకుతుంది, వదిలితే తగ్గుతుంది. మౌంట్ పోతే సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా బండి అదురుతుంది. నాది ఆగినప్పుడు నిశ్శబ్దం. బ్రేక్ వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ కొట్టుకుంటుంటే ముందు చక్రాల బ్రేక్ డిస్క్‌లు చూపించాలి. స్పీడుని బట్టి వచ్చి, కాలు తీసినా పోనిది ఎక్కువగా చక్రాలదే. స్టీరింగ్‌లో తెలిస్తే ముందువి, సీటు కింద తెలిస్తే వెనకవి. ఇంత మాత్రం తెలిసుంటే గ్యారేజీకి పోసిన 15,100 మిగిలేవి. గ్యారేజీవాళ్లకు ఇది తెలియదంటే నేను నమ్మను.

కాబట్టి డబ్బు కట్టేముందు ఆదివారం పొద్దున ఆరింటికి రమ్మనండి. దేవనహళ్లి అవతలికి తీసుకెళ్లి, రోడ్డు ఖాళీగా ఉంటే 90 దాకా పోనిచ్చి చూడండి. పెట్రోలూ టోలూ మేమే పెట్టుకుంటామనండి, అయినా నసుగుతుంటే అర్థం చేసుకోండి. బయటి అలాయ్స్ ఉంటే ఒక చక్రం విప్పించి హబ్ రింగ్ ఉందో లేదో చూడండి. టైరు మీద DOT కోడ్ చివర నాలుగంకెలు కూడా చూడండి. నాకు "కొత్త టైర్లు" అని అమ్మినవాటి మీద 0918 అని ఉంది, అంటే 2018లో తొమ్మిదో వారం సరుకు. వాటిని మార్చే ఖర్చు ఇంకా ముందుంది.

వారంటీ కాగితంలో ఇంజిన్, గేర్‌బాక్స్ తప్ప ఇంకేమీ రాయలేదు. అయినా బిల్లులన్నీ పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్లాను. "అలాయ్స్ మీకు ఫ్రీగానే ఇచ్చాం కదా సార్" అని టీ తెప్పించాడు. టీ తాగుతూ యార్డులోకి చూస్తే, అవే నల్ల అలాయ్స్‌తో ఇంకో రెండు కార్లు కడిగి పెట్టి ఉన్నాయి.