వెంటనే పంపేయడమా, ఆగి పంపడమా, అక్కడే ఉంచడమా? సరిహద్దు దాటించేసిన పిల్లలకి ఏది మేలు?

వేరే దేశంలో ఒక బిడ్డ దొరికింది అనుకోండి. ఫ్యాక్టరీలోనో, వ్యభిచార గృహంలోనో, ఎవరింట్లోనో అంట్లు తోముతూనో. రెస్క్యూ అయింది, ఫొటోలు వచ్చాయి, చూసినవాళ్ళంతా హమ్మయ్య అనుకున్నారు. అసలు తలనొప్పి మర్నాడు పొద్దున్నే మొదలవుతుంది, ఎందుకంటే ఈ బిడ్డని ఇప్పుడేం చేయాలి అన్నది రెండు దేశాల పోలీసులు, కోర్టులు, ఒక ఎంబసీ, రెండు మూడు ఎన్జీవోలు కలిసి తేల్చాల్సిన పంచాయితీ, పైగా వీళ్ళలో సగం మందికి అవతలివాళ్ళ ఫోన్ నంబర్ కూడా తెలిసుండదు.

దారులు మూడు. వీలైనంత త్వరగా సొంత దేశానికి పంపేయడం ఒకటి. దొరికిన దేశంలోనే ఉంచి చదివించి పెద్ద చేయడం ఇంకోటి. మూడోది, ఇంటి పరిస్థితి ఏంటో అక్కడి సోషల్ వర్కర్‌ని పంపి చూపించుకుని, సరే అనుకున్నాకే పంపడం. చాలామందిలాగే నేనూ మొదటిదానికే ఓటేసేవాణ్ణి, అమ్మ దగ్గరికి పంపడానికి ఇంత ఆలోచన దేనికి అని. ఒంటెల పందేలకి పట్టుకెళ్ళిన పిల్లల సంగతి చదివాక ఆ మాట అనడం మానేశా.

గల్ఫ్‌లో ఒంటెల పందేలకి బరువు తక్కువున్న జాకీలు కావాలి కాబట్టి పాకిస్తాన్, బంగ్లాదేశ్, సూడాన్, మారిటేనియా నుంచి మూడేళ్ళు నాలుగేళ్ళ పిల్లల్ని కూడా తీసుకెళ్ళి ఎక్కించేవాళ్ళు. 2005లో యూఏఈ ప్రభుత్వం యునిసెఫ్‌తో ఒప్పందం చేసుకుని వెయ్యి మందికి పైగా పిల్లల్ని వాళ్ళ దేశాలకి పంపించింది (ఒంటెల మీద వాళ్ళ ప్లేసులో రోబోలు ఎక్కాయి, అదో వింత). ఇన్ని దేశాలు కలిసి ఇంతమందిని పంపించడం చిన్న పనేం కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ దిగిన పిల్లల్ని చూడండి. మరీ చిన్నప్పుడు వెళ్ళినవాళ్ళలో కొందరికి ఇంటి భాష రాదు, ఊరి పేరు తెలీదు, తమని పట్టుకెళ్ళినవాళ్ళనే అమ్మానాన్న అనుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. పాకిస్తాన్‌లో 'వీడు మావాడే' అంటూ వచ్చినవాళ్ళకి డీఎన్ఏ టెస్టులు చేయించాల్సొచ్చింది. కొందరు పిల్లల్ని అమ్మింది కన్నవాళ్ళే. అలాంటప్పుడు 'ఇంటికి పంపాం' అంటే ఎవరింటికి పంపినట్టు?

త్వరగా పంపేయాలి అనేవాళ్ళు ఎక్కువగా 2000 నాటి పలెర్మో ప్రోటోకాల్ (ట్రాఫికింగ్, అంటే మనుషుల అక్రమ రవాణా మీద ఐరాస ఒప్పందం) చూపిస్తారు, అందులో 8వ ఆర్టికల్‌లో అనవసరమైన ఆలస్యం లేకుండా అని ఉంది కదా అని. ఉంది, నిజమే, కాకపోతే ఆ మాట ముఖ్యంగా సొంత దేశానికి చెప్పింది, మీ మనిషిని తీసుకోవడానికి నాన్చకండి, భద్రత కూడా చూసుకోండి అని. పంపే దేశానికి చెప్పింది వేరే, భద్రత చూసి పంపు, వీలైతే వాళ్ళ ఇష్టంతోనే పంపు అని. అదే ప్రోటోకాల్‌లో ఇంకో ముఖ్యమైన పాయింటు ఉంది, 18 లోపు పిల్లల్ని దోపిడీ కోసం తీసుకెళ్తే బెదిరించారా మోసం చేశారా అన్న ప్రశ్నే రాదు, 'నేనే ఇష్టపడి వచ్చా' అని బిడ్డ చెప్పినా అది ట్రాఫికింగే. ఇది తెలీని ఆఫీసర్ చేతిలో పడితే ఆ బిడ్డ బాధితుల లిస్టులో ఉండదు, పేపర్లు లేకుండా దేశంలోకి వచ్చినవాళ్ళ లిస్టులో ఉంటుంది, ఆ లిస్టులో ఉన్నవాళ్ళని మాత్రం చాలా స్పీడుగానే పంపేస్తారు.

స్పీడు గురించి ఫ్రాన్స్, రొమేనియాల ముచ్చట ఒకటుంది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు గానీ నాకు మాత్రం ఇందులోనే అసలు పాఠం కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో ఒంటరిగా తిరుగుతున్న రొమేనియా పిల్లల కోసం ఈ రెండు దేశాలూ 2002లో ఒక ఒప్పందం రాసుకున్నాయి. మళ్ళీ 2007లో కొత్తది రాసుకున్నప్పుడు, పిల్లల జడ్జి దాకా వెళ్ళకుండానే ప్రాసిక్యూటర్ సంతకంతో బిడ్డని వెనక్కి పంపేసే వీలు పెట్టారు. 2010 నవంబర్‌లో ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి దాన్ని కొట్టేసింది, ఆ నిర్ణయం మీద అప్పీలుకి దారే లేదు కాబట్టి రాజ్యాంగానికి విరుద్ధం అని. పిల్లల్ని కాపాడటానికే రాసుకున్న ఒప్పందంలో 'నాకు వెళ్ళాలని లేదు' అనే మాట వినేవాడు ఒక్కడు లేకుండా పోయాడన్నమాట.

సరే, అయితే అక్కడే ఉంచేద్దామా? పేపర్ మీద ఈ దారికి బలం బాగానే ఉంది. ట్రాఫికింగ్ మీద 2005లో యూరప్ కౌన్సిల్ (యూరప్ దేశాల మానవ హక్కుల సంస్థ) చేసిన ఒప్పందం ప్రకారం, రిస్క్ ఎంతుందో చూశాక, వెనక్కి వెళ్ళడం బిడ్డకి మంచిది కాదని తేలితే పంపకూడదు. ఉండటానికి ఇచ్చే పర్మిట్ కూడా పిల్లల విషయంలో వాళ్ళ మేలు చూసే ఇవ్వాలి. వయసు తేలకపోతే, 18 లోపే అనిపించడానికి కారణం ఉంటే, తేలేదాకా బిడ్డగానే చూడాలి. ఐరాస బాలల హక్కుల కమిటీ కూడా అదే ఏడాది ఇంకా గట్టిగా చెప్పింది, వలసల్ని కంట్రోల్ చేయాలనే సాకు బిడ్డ మేలు కంటే ఎక్కువ కాదని, అక్కడ చూసుకునే అమ్మానాన్నలో బంధువులో లేకపోతే, ఎవరు చూసుకుంటారో ముందే ఖాయం చేయకుండా పంపకూడదని. సొంత అమ్మానాన్నే అమ్మేసిన కేసుల్లో, ఆ బ్రోకర్ ఇంకా అదే ఊళ్ళో తిరుగుతున్న కేసుల్లో, అక్కడే ఉంచడమే కరెక్టు, డౌటే లేదు.

కాకపోతే 'ఉంచడం' అంటే ఏంటో కూడా చూడాలి కదా. మంచి కేసులో గార్డియన్ ఉంటాడు, స్కూల్ ఉంటుంది, ఒక కుటుంబం చూసుకుంటుంది. చెడ్డ కేసులో ఉండేది తాళం వేసిన షెల్టర్ హోమ్. బయటికి పంపరు, భాష రాదు, కేసు తేలేదాకా సాక్షిగా కావాలి కాబట్టి ఉంచుతారు, కేసు తేలదు. అలా రెండేళ్ళు గడిచిపోతే ఆ బిడ్డకి దళారి ఇంటికీ దీనికీ తేడా ఏం కనిపిస్తుంది చెప్పండి, తిండి కాస్త మెరుగేమో అంతే. ఇంకో చిక్కు పుట్టినరోజు. 18 దాటిన రోజు నుంచి బిడ్డ అనే రక్షణ పోతుంది, నిన్నటిదాకా కాపాడిన చట్టమే ఇవాళ నీ వీసా ఏదీ అంటుంది. సాక్ష్యం కోసం ఆపడం అనేది మాత్రం ఈ రోజుల్లో మరీ అన్యాయం. ఇండియాలో సుప్రీంకోర్టు 2022లోనే ట్రాఫికింగ్ అయిన పిల్లలు తాము ఉన్న చోటు నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పే పద్ధతి ఖాయం చేసింది, అది దేశం లోపలి కేసులకే అయినా, అదే కెమెరా సరిహద్దు దాటి ఎందుకు పనిచేయదు? పనిచేస్తుంది, రెండు దేశాలూ రాసుకుంటే.

ఇక మూడోది, ఆగి పంపడం. నా ఓటు దీనికే, అయితే ఇది ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తేనే ఎందుకంటున్నానో తెలుస్తుంది. పదమూడేళ్ళ పిల్ల ఒకతి ఉందనుకోండి, మీదే ఊరు అంటే పేరు చెప్తుంది, ఆమె యాసలో. రాసుకునేవాడు తనకి వినపడినట్టు రాసుకుంటాడు. ఆ కాగితం ఎంబసీకి వెళ్తుంది, ఎంబసీ నుంచి రాజధానికి, రాజధాని నుంచి జిల్లాకి, అక్కడ ఆ స్పెల్లింగుతో ఊరే లేదని తిరుగు టపా వస్తుంది, ఈ లోపు ఎనిమిది నెలలు. అదే ఆ పిల్ల భాష వచ్చిన సోషల్ వర్కర్ పక్కన కూర్చుని, మీ ఇంటి నుంచి నది కనిపిస్తుందా, సంత ఏ వారం, బస్సు ఎక్కాలంటే ఎంతసేపు నడవాలి, నీ స్కూల్ గోడ ఏ రంగు, టీచర్ పేరేంటి అని అడిగితే, అవతల పనిచేసేవాళ్ళు దాదాపు ఊరు పట్టేస్తారు. అక్కడికి వెళ్ళినాయన కూడా 'ఫలానా పిల్ల ఫలానా చోట దొరికింది, తెలుసా' అని ఊరంతా చాటితే కొంప మునిగినట్టే, ఆ పిల్ల ఇంటికి రాకముందే పేరు పోతుంది. తెలివైనవాళ్ళు ముందు స్కూల్ రిజిస్టర్ చూస్తారు, ఆ తర్వాతే ఇంటికి వెళ్తారు. వెళ్ళాక చూసేవి కూడా మామూలువే, అప్పెంత ఉంది, ఆ అప్పు ఎవరికి కట్టాలి, ఇంట్లో ఇంకా చిన్నపిల్లలున్నారా, తీసుకెళ్ళిన మనిషి వీళ్ళకేమవుతాడు. ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులు లేకుండా టికెట్ కొనడం శుద్ధ దండగ.

ఈ పని కొత్తదేం కాదు. జెనీవా కేంద్రంగా ఉన్న ఇంటర్నేషనల్ సోషల్ సర్వీస్ 1924 నుంచి దేశాల మధ్య విడిపోయిన కుటుంబాల కేసులు చూస్తోంది, పశ్చిమ ఆఫ్రికాలో వాళ్ళ నెట్‌వర్క్ ద్వారా ఒక దేశం సోషల్ వర్కర్ ఇంకో దేశం సోషల్ వర్కర్‌తో నేరుగా మాట్లాడుకుంటారు. పిల్లల రక్షణ మీద 1996లో చేసిన హేగ్ ఒప్పందంలో చేరిన దేశాల్లో అయితే ఇలాంటి విషయాలకి ఒక సెంట్రల్ అథారిటీ ఉంటుంది, ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కోనక్కర్లేదు. పోలీసులు, ఎంబసీ అక్కర్లేదు అనట్లేదు, పాస్‌పోర్టు కాగితం ఇచ్చేది వాళ్ళే, దళారిని పట్టుకునేది వాళ్ళే. వాళ్ళ చేతిలో మొత్తం పెడితే మాత్రం బిడ్డ ఒక ఫైలు నంబర్ అయిపోతుంది.

మరి అందరికీ ఒకే పెద్ద ఒప్పందం మేలా, ఇద్దరిద్దరు రాసుకునేది మేలా? నాకైతే చిన్నవే పనికొస్తాయనిపిస్తుంది. 2002లో సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) చేసిన ఒప్పందం చూడండి, వ్యభిచారం కోసం చేసే ట్రాఫికింగ్ గురించే అది, ఫ్యాక్టరీకో ఇంటిపనికో తెచ్చిన పిల్లాడు దాని కిందికి రాడు. ఇండియా, బంగ్లాదేశ్ 2015లో విడిగా ఒప్పందం చేసుకున్నాయి. థాయిలాండ్, కంబోడియా 2003లో రాసుకున్నదాంట్లో బాధితుల్ని ఇమిగ్రేషన్ నేరస్తులుగా చూడకూడదని ఉంది. మాలి, ఐవరీ కోస్ట్ 2000లోనే చేసుకున్నాయి, ఆ తర్వాత మాలి ప్రభుత్వం పిల్లలకి ప్రత్యేకంగా ట్రావెల్ పేపర్ పెట్టింది, మంచి ఉద్దేశమే, కానీ మామూలుగా బంధువుల ఇంటికి వెళ్ళే పిల్లలు కూడా చెక్‌పోస్టుల దగ్గర ఇరుక్కున్నారు, పేపర్ లేనివాళ్ళని దొడ్డిదారిన దాటించడం ఇంకొకడికి బేరం అయింది. కాబట్టి చిన్న ఒప్పందమైతే చాలు అని కూడా కాదు, అందులో ఏం రాశారో చూడాలి.

వెనక్కి వచ్చాక ఇల్లా, హాస్టలా అనేదీ అంతే. 1996 ఫిబ్రవరిలో ముంబై వ్యభిచార గృహాల్లో పెద్ద రెస్క్యూ జరిగింది, అందులో నేపాల్ వాళ్ళు చాలామంది, వాళ్ళ ప్రభుత్వం తీసుకోవడానికి వెనకాడితే చివరికి ఎన్జీవోలే వందమందికి పైగా అమ్మాయిల్ని తీసుకెళ్ళాయి. అలా వచ్చినవాళ్ళలో కొందరు మా గురించి మేమే మాట్లాడతాం అని అదే ఏడాది శక్తి సమూహ అనే సంస్థ పెట్టుకున్నారు, 2013లో రామన్ మెగసెసే అవార్డు కూడా వచ్చింది వాళ్ళకి. ఇంటికి వెళ్ళలేని పిల్లలకి కొంతకాలం ఇలాంటి తోటివాళ్ళ నీడే మేలు. వెళ్ళగలిగినవాళ్ళకి ఇల్లే మేలు, పోలీస్ జీపులో తీసుకెళ్ళి గుమ్మం ముందు దించకుండా ఉంటే. పునరావాసం అనగానే అందరికీ తలా ఒక కుట్టుమిషన్ ఇచ్చేయడం ఏం అలవాటో నాకర్థం కాదు, ఆ పిల్లకి స్కూల్‌కి వెళ్ళాలని ఉందేమో, ఒకసారి అడగొచ్చు కదా.

అయితే నేను ఓటేసిన దారిలో కూడా ఒక పెద్ద చిల్లు ఉంది. పంపే దేశం లెక్కలో బిడ్డ సరిహద్దు దాటగానే కేసు క్లోజ్. రిజిస్టర్‌లో సంతకం, అప్పగించినవారు ఫలానా, తీసుకున్నవారు ఫలానా, అయిపోయింది. ఒప్పందంలో నాకు ఒక్క లైను రాసే ఛాన్స్ ఇస్తే, ఆ సంతకం కింద ఇంకో రెండు గళ్ళు పెట్టిస్తా, మూడో నెల ఒకటి, ఆరో నెల ఒకటి, ఇంటికి వెళ్ళి బిడ్డతో విడిగా మాట్లాడినవాళ్ళు పేరు రాసి నింపాలి, అవి నిండేదాకా రెండు దేశాల్లోనూ ఫైలు తెరిచే ఉండాలి.