850 వాట్ల ఎస్‌ఎంపీఎస్: నాలుగేళ్లు వాడాక

బిగించిన మొదటి రోజే ఇది చచ్చిందనుకున్నాను. కంప్యూటర్ ఆన్ అయింది, లైట్లు వెలిగాయి, లోపలి భాగాలకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె ఫ్యాన్ మాత్రం కదల్లేదు. షాపతనికి ఫోన్ చేస్తే నవ్వాడు. "లోడ్ పడేదాకా తిరగదన్నా, దాని పద్ధతే అది" అన్నాడు. 2021 దసరాకి ముందు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్న కోర్సెయిర్ ఆర్‌ఎం850ఎక్స్ ఇది. నాలుగేళ్లు దాటింది. చలికాలంలో మామూలు ఎడిటింగ్ చేస్తుంటే దాని ఫ్యాన్ తిరగడం నేను ఇప్పటికీ పెద్దగా చూడలేదు. మే నెలలో మాత్రం మధ్యాహ్నానికల్లా తిరుగుతుంది. అప్పుడు కూడా గదిలో సీలింగ్ ఫ్యాన్ చప్పుడే ఎక్కువ.

నాది హనుమకొండలో పెళ్లి వీడియోల ఎడిటింగ్. అప్పట్లో ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు కొని, పాత 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీదే నడిపిద్దామనుకున్నాను. లెక్క కూడా వేశాను. కార్డుకి 320 వాట్లు, రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్‌కి పూర్తి లోడ్ మీద 142, మిగతావన్నీ కలిపి ఓ 80. మొత్తం 540 చిల్లర. ఇంకా వంద వాట్లు మిగులే కదా అని ధైర్యం. రిసెప్షన్‌లో వేయాల్సిన టీజర్ రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేయడం) పెట్టి పడుకుంటే, లేచేసరికి మెషీన్ ఆఫ్ అయి ఉంది. మళ్లీ పెట్టాను, పది నిమిషాల్లో మళ్లీ ఆఫ్. మూడు రోజులు విండోస్‌నీ డ్రైవర్లనీ తిట్టుకున్నాను. టెన్షన్‌తో నిద్ర లేదు.

తర్వాత తెలిసింది, ఆ 320 అనేది సగటు లెక్క. సెకనులో వెయ్యో వంతు సేపు కార్డు దానికి చాలా పైకి ఎగబాకి దిగుతుంది. ఆ కుదుపుని నా పాత పెట్టె ప్రమాదం అనుకుని కట్ అయ్యేది. ఈ కార్డుకి కనీసం 750 వాట్లది పెట్టమని దాని కంపెనీ ఎన్విడియా చెప్పింది ఊరికే కాదు.

850 పెట్టాక అలా ఆగిపోవడం మళ్లీ లేదు. ప్లగ్గుకి తగిలించే వాట్ మీటర్ ఒకటి కొని చూశాను. ఊరికే ఉంటే 90, ఎడిటింగ్‌లో 200 అటూ ఇటూ, కార్డూ ప్రాసెసరూ రెండూ పూర్తిగా పనిచేస్తుంటే గోడ దగ్గర 560 దాకా. అంటే ఎంత తోమినా ఇది మూడింట రెండొంతుల లోడ్‌లోపే ఉంటుంది. 1000 వాట్లది తీసుకోమని షాపులో గట్టిగానే చెప్పారు గానీ, నా మెషీన్‌కి అది దండగే అయ్యేది.

ఇది గోల్డ్ రకం. కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే రేటింగ్ అది, బ్రాంజ్ దానికంటే కింది మెట్టు. గోల్డ్ అయితే కరెంటు బిల్లు తగ్గుతుందని కూడా చెప్తారు. లెక్క చూద్దాం. 300 వాట్ల లోడ్ మీద బ్రాంజ్ 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తే గోడ నుంచి 353 వాట్లు లాగుతుంది. గోల్డ్ 90 శాతమైతే 333. తేడా 20 వాట్లు. రోజుకి ఆరు గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు నడిపినా 36 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా మూడొందల చిల్లర. బ్రాంజ్ కంటే నేను ఎక్కువ పెట్టింది 5 వేలు, అది బిల్లులో తిరిగి రావాలంటే పదిహేనేళ్లు పడుతుంది! నేను డబ్బు పెట్టింది పదేళ్ల వారంటీకి, లోపలి కెపాసిటర్లకి. అన్నట్టు, షాపు బిల్లు థర్మల్ కాగితమైతే ఆ రోజే ఫోటో తీసుకోండి. నాది ఏడాదికే తెల్లకాగితం అయిపోయింది, ఫోటో ఉండబట్టి సరిపోయింది.

అసలు ఖర్చు నాకు తర్వాత తగిలింది. ఇంట్లో ఉన్నది స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్, అంటే లైన్ కరెంటులా నున్నటి అల కాకుండా చదరపు అల ఇచ్చేది. కరెంటు పోగానే లైట్లు వెలుగుతూనే ఉండేవి, కంప్యూటర్ మాత్రం టప్‌మని రీస్టార్ట్. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని లైన్ అలకి తగ్గట్టు లాగే ఏర్పాటు) ఉన్న ఇలాంటి ఎస్‌ఎంపీఎస్‌లకి ఆ రకం కరెంటు తరచూ పడదు. పాత 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే, రెండర్ మధ్యలో అదీ చేతులెత్తేసింది. చివరికి నున్నటి అల ఇచ్చే సైన్‌వేవ్ యూపీఎస్‌కి 16 వేలు పోశాను. ఎస్‌ఎంపీఎస్ 12 వేలకి వచ్చిందని సంబరపడ్డవాణ్ణి.

ఇంకోటి, క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమనేది. ఎస్‌ఎంపీఎస్‌లోనే లోపమని వాపసు ఇవ్వబోయాను. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే ఎర్త్ వైరు ఎక్కడా కలిపి లేదు! ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే కాస్త లీకేజీ భూమిలోకి పోవాలి. దారి లేక క్యాబినెట్ మీదే ఉండిపోతోంది. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తింగ్ చేయించడానికి మరో మూడున్నర వేలు. అప్పటి నుంచి జివ్వు లేదు.

వైర్ల సంగతి. ఇది పూర్తి మాడ్యులర్, కావలసినవే తగిలించుకోవచ్చు. కార్డుకి రెండు 8 పిన్‌ల కరెంటు సాకెట్లు ఉంటే రెండు వేర్వేరు వైర్లు వేయండి, ఒకే వైరు చివర ఉన్న రెండు తలలూ గుచ్చకండి. వేరే ఎస్‌ఎంపీఎస్ వైరు దీనికి అసలు పెట్టొద్దు. ఎస్‌ఎంపీఎస్‌కి గుచ్చే చివర పిన్‌ల అమరిక ఏ కంపెనీది ఆ కంపెనీదే. మా బావమరిది తన మెషీన్‌లో హార్డ్‌డిస్క్‌కి కరెంటిచ్చే పాత సాటా వైరు "పట్టింది కదా" అని పెట్టి హార్డ్‌డిస్క్ కాల్చుకున్నాడు. అందులో వాళ్ల పాప అన్నప్రాశన ఫోటోలున్నాయి.

ఈరోజు కొనాల్సి వస్తే ఇదే పాత మోడల్ తీసుకోను. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే ఎస్‌ఎంపీఎస్ ప్రమాణానికి తగ్గది గానీ, దాని తర్వాతి 3.1ది గానీ చూస్తాను. కొత్త కార్డుల సన్న కనెక్టర్ వాటికి నేరుగా ఉంటుంది, నేను చెప్పిన ఆ కుదుపులని తట్టుకోవాలన్న నియమం కూడా ఆ ప్రమాణంలోనే ఉంది. నాదానికి ఆ వైరు విడిగా కొనుక్కోవాలి.

బావమరిది ఇప్పుడు 1000 వాట్లది కొంటానంటున్నాడు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్ చూపించమన్నాను. రెండు నెలలైంది, ఇంకా పిలవలేదు. క్యాబినెట్ మాత్రం ఏ రంగుదో ఎంచేసుకున్నాడు.