అపాచీ ఆర్‌ఆర్ 310 డైనమిక్ కిట్: వెనుక రీబౌండ్ స్క్రూ గురించే నా మాటంతా

2021లో టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310 బైకుకు డైనమిక్ కిట్, అంటే సస్పెన్షన్‌ను మనకు కావలసినట్టు సర్దుకునే వీలిచ్చే అదనపు కిట్, తెచ్చినప్పుడు నా స్నేహితులంతా ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కుల గురించే మాట్లాడారు. ట్రాక్ మీద ఇన్నాళ్లు నడిపాక నాకు ప్రాణమైంది మాత్రం వెనుక మోనోషాక్‌కు (వెనుక ఉండే ఒకే షాక్ అబ్జార్బర్‌కు) ఉన్న రీబౌండ్ స్క్రూ, అంటే కుంగిన షాక్ ఎంత వేగంగా పైకి లేవాలో సర్దే స్క్రూ. ఇంజిన్, బ్రేకుల సంగతి మీకు తెలిసిందే, వాటి జోలికి పోను.

ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ఉదయం పూట బండి చెప్పినట్టు వినేది. మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి అదే మలుపులో, అదే గేరులో తీరు మారిపోయేది. మలుపు సగం దాటి యాక్సిలరేటర్ తిప్పగానే వెనుక భాగం కుంగేది, లేచేది, మళ్లీ కుంగేది. ఆ ఊపుకు ముందు చక్రం తేలికై, బండి గీత వదిలి ట్రాక్ బయటి అంచుకు పోయేది. పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండి ఆపి చూసుకునే చోటికి) రాగానే, టైరు వేడి తగ్గకముందే గాలి చూశాను. సరిగ్గానే ఉంది.

కారణం షాక్‌లోని నూనె. వరుసగా ల్యాపులు తిరిగితే అది వేడెక్కి పలచబడుతుంది. కుంగిన స్ప్రింగ్ ఒక్కసారిగా పైకి లేవకుండా ఆపే పట్టు తగ్గిపోతుంది. స్క్రూను రెండు క్లిక్కులు బిగించాను, అంటే మణికట్టు కాస్త తిప్పినంత. తర్వాతి ల్యాపులోనే వెనుక భాగం ఒకసారి కుంగి కుదురుగా నిలిచింది. యాక్సిలరేటర్ ఇంకాస్త ముందే తిప్పగలిగాను. అంత తేడా వస్తుందని అస్సలు అనుకోలేదు.

అలాగని బిగిస్తూ పోకూడదు. మరీ బిగిస్తే ఒక గతుకులో కుంగిన షాక్ తర్వాతి గతుకులోపు లేవదు, టైరుకు పట్టు పోతుంది. స్క్రూను చివరిదాకా మెల్లగా బిగించి, అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టి రాసుకోండి. ఒకసారికి ఒక్క సర్దుబాటే మార్చండి. ముందు ఫోర్కుకు సన్నని ప్లాస్టిక్ టై కట్టి ఉంచుతాను. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఫోర్కు ఎంతవరకు కుంగిందో అది జరిగి ఆగిన చోటే చెబుతుంది. మోకాళ్లతో ట్యాంకును పట్టి చేతులు వదులుగా ఉంచితేనే ఈ తేడాలు తెలుస్తాయి. హ్యాండిల్ మీద బరువు మోపి నడిపేవారికి ఎన్ని క్లిక్కులు తిప్పినా ఒకటే.

కొత్తలో ఈ కిట్ అందరూ తీసుకోవలసిందేనని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. నా బరువు 64 కిలోలు, ఆ స్ప్రింగ్ నాకు కుదిరింది. 85 కిలోల స్నేహితుడు ఎక్కితే ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందుగానే నొక్కి ఉంచే సర్దుబాటు) ఎంత పెంచినా వెనుక భాగం కుంగిపోయే ఉంది. అతనికి కావలసింది గట్టి స్ప్రింగ్. పైగా నేను తిరుపతి నుంచి ట్రాక్‌కు ఇదే బండి మీద వెళ్లి వస్తాను. తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్ సర్దుబాటు మార్చకుండా బయలుదేరితే పుత్తూరు చేరేసరికి నడుము పట్టేస్తుంది. అందుకని ప్రతిసారీ అన్నీ వదులు చేసుకుని రోడ్డెక్కాలి, నాకైతే అది ఇష్టమైన పనే.

మీ బరువు నాకు దగ్గరగా ఉండి, అప్పుడప్పుడైనా ట్రాక్‌కు వెళ్లే వీలుంటే తీసుకోండి. ఊళ్లో తిరగడానికే అయితే మామూలు సస్పెన్షన్ చాలు. ఆ డబ్బు మంచి టైర్లకో, ట్రాక్ శిక్షణకో పెట్టండి.