అరవై గజాల జాగ: బ్లాకులో ఫ్లాటా, సొంత స్లాబా?

హన్మకొండ బస్తీల్లో ఇళ్ల ముచ్చట మొదలైతే చాలు, ఎవరో ఒకరు అంటారు: "ఊరు పెరిగింది, జాగ పెరగదు కదా. గుడిసెలు తీసేసి పైకి కట్టాలె." వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే పైకి కడితే ఎంతమంది ఎక్కువ పడతారో ఒకసారి గజాల్లో చూద్దాం.

ఎకరం అంటే 4,840 గజాలు. గల్లీలకు, మోరీలకు నలభై శాతం వదిలితే 2,900 గజాలు మిగులుతాయి. అరవై గజాల పట్టాలైతే 48 ఇళ్లు. కింద సొంతవాళ్లు, పైన కొడుకో కిరాయిదారో ఉంటే 96 కుటుంబాలు. ఇక సర్కారు కట్టిచ్చే డబుల్ బెడ్రూం ఫ్లాటు 560 చదరపు అడుగులు, అంటే 62 గజాలు. మెట్లు, వరండా కలిపి 75 వేసుకుందాం. రోడ్డు, సెట్‌బ్యాక్ (చుట్టూ వదిలే జాగ), సంపు, సెప్టిక్ ట్యాంకు పోను 2,200 గజాల్లో కడితే అంతస్తుకు 30 చొప్పున, నాలుగంతస్తులకు 120. ఇది నా కాగితం మీది లెక్క, ఇంజినీరు కాస్త అటూ ఇటూ చేస్తాడు. తేడా మాత్రం పాతికకు అటూ ఇటే.

ఆ పాతిక ఇళ్ల కోసం పోగొట్టుకునేది ఏమిటి? ఇస్త్రీ బండి, టిఫిన్ బండి, ఆటో, కుట్టు మిషను, గుమ్మంలో చిన్న కిరాణం. ఇవన్నీ నేల మీద నడిచే బతుకులు. మూడో అంతస్తుకు పోయిన ఆమె ఇడ్లీ గిన్నెలు రోజూ దింపి ఎక్కించాలి. లిఫ్టు ఉండదు. మోటరు కాలితే బ్లాకంతా చందా వేసుకోవాలి. పదిమంది ఇస్తారు, ఆరుగురు ఇవ్వరు. సర్కారు ఉచితంగా ఇచ్చిన ఇంటికి నెలనెలా ఖర్చు ఎక్కడిదని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

ఇంకొకటి, ఆలస్యం. 2015 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వరంగల్ బస్తీలు తిరిగి డబుల్ బెడ్రూం ఇళ్లకు మాటిచ్చారు. హన్మకొండ అంబేద్కర్ నగర్‌లో బ్లాకులు లేచాయి గానీ, పంపకం ఏళ్ల తరబడి సాగలేదు. గుడిసె ఇచ్చి బయటికొచ్చినవాళ్లు అన్నేళ్లూ కిరాయి కట్టుకోవాల్సిందే కదా.

సొంత స్లాబుకూ కష్టాలున్నాయి. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగ ఉన్నవాళ్లకు 5 లక్షలిస్తారు: బేస్‌మెంటుకు లక్ష, గోడలకు 1.25, స్లాబుకు 1.75, పూర్తయ్యాక మరో లక్ష. పని అయ్యాకే పైసలు కాబట్టి ముందు అప్పు తేవాలి. ఇంటి పెద్దకు మేస్త్రీ తెలిస్తే గట్టెక్కుతుంది, లేకపోతే గోడల దగ్గర ఆగుతుంది. 2020 నాటి టీఎస్ బీపాస్ (ఇళ్ల పర్మిషన్ల) చట్టంతో ఒక మేలు జరిగింది. 75 గజాల లోపు జాగలో జీ ప్లస్ వన్‌కు (కింద, దానిపైన ఒక అంతస్తు) పర్మిషన్ కోసం తిరిగే పని లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే సరి.

జాగలన్నీ కలిపి అపార్ట్‌మెంటు కడతానని వచ్చే బిల్డర్ సంగతి రెండు మాటల్లో. మన దగ్గర ఎంత ఎత్తు కట్టొచ్చో జాగ సైజుతో పాటు రోడ్డు వెడల్పు తేలుస్తుంది. పదడుగుల గల్లీలో అపార్ట్‌మెంటు లేవదు. రోడ్డు వేయాలంటే కొందరి ఇళ్లు పోవాలి, ఆ ఇళ్లు ఎవరివో గల్లీలో అందరికీ ముందే తెలుసు. పైగా అరవై గజాల ఆసామి చివరికి అందరి ఉమ్మడి జాగలో ఇరవై గజాల చిల్లర వాటాకు దిగుతాడు.

నేను సొంత స్లాబు వైపే. ఒక్క చోట మాత్రం కాదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు నడుముల్లోతు నీళ్లు చూసినవాళ్లకు అదే జాగలో ఇల్లు కట్టమనడం పాపం. నాలా ఒడ్డు ఖాళీ చేయాల్సిందే. వాళ్లకు జీ ప్లస్ త్రీయే దారి. అదీ పిల్లల బడికి, కూలి అడ్డాకు నడిచిపోయేంత దూరంలో ఉండాలి. ఊరవతల గుట్ట కింద ఇస్తే ఆటో కిరాయిలకే కూలి సగం పోతుంది.

ఈ లెక్కల్లో ఎవరూ పట్టించుకోని మనిషి ఒకడున్నాడు: కిరాయిదారు. ఎంజీఎం ఆసుపత్రిలో పేషెంటుతో నెలలకొద్దీ ఉండేవాళ్లు, కోచింగుకని భూపాలపల్లి నుంచో ములుగు నుంచో వచ్చిన పిల్లలు, అడ్డా కూలీలు. వీళ్లకు దొరికే చౌక గది బస్తీ ఇంటి మేడ మీదే ఉంటుంది. సర్కారు ఫ్లాటు కిరాయికి ఇవ్వకూడదు, బిల్డర్ ఫ్లాటు వీళ్లకు అందదు. అందుకే స్లాబు పోసేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రేపు పైన కిరాయి గది లేపుకునేలా పునాది అప్పుడే పిల్లర్లు వేయించండి, మెట్లు ఇంటి బయటి నుంచి పెట్టించండి, స్లాబు మీద సలాకలు కోయకుండా వదిలేయండి. ఖర్చు కొంత పెరుగుతుంది, మేస్త్రీ కూడా ఇప్పుడెందుకమ్మా అంటాడు.